48 మంది తరగతిలో చర్చా వలయం: లెక్క, గీత, బొమ్మ, చింతగింజలు

టీచరుగారూ, మీ ప్రశ్న సారాంశం ఇది. గుంటూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు, 8వ తరగతి, 48 మంది. ప్రశ్న వేస్తే ఎప్పుడూ ఆ ఆరు చేతులే లేస్తాయి. వెనక బెంచీల ఆడపిల్లలు నోరు విప్పరు. ఒకసారి అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి చర్చ పెడితే గోల తప్ప ఏమీ మిగల్లేదు, పక్క తరగతి నుంచి ఫిర్యాదు కూడా వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాలా, వదిలెయ్యాలా అని అడిగారు.

ప్రయత్నించండి. మొదటిసారి చెడిపోయింది పిల్లల వల్ల కాదు, లెక్క వల్ల. 48 మందిని ఒకే వలయంలో కూర్చోబెట్టి ఒక్కొక్కరికి 45 సెకన్లు ఇచ్చారనుకోండి, మొత్తం 36 నిమిషాలు. ముప్పయ్యో పిల్లాడి వంతు వచ్చేసరికి మొదట మాట్లాడినవాడు ఇరవై నిమిషాలకు పైగా ఊరికే కూర్చుని ఉంటాడు. ఊరికే కూర్చున్న పదమూడేళ్ళ పిల్లాడు పక్కవాణ్ణి గిల్లక ఏం చేస్తాడు?

జాగా లెక్కా అంతే. బాసింపట్టు వేసుకుని కూర్చున్న పిల్లకు రెండడుగులు కావాలి. 48 మందికి 96 అడుగుల చుట్టుకొలత, అంటే 30 అడుగులు దాటిన వ్యాసం. మన తరగతి గదులు అంత ఉండవు. దాంతో వలయం కోడిగుడ్డులా సాగి, మూలల్లో పిల్లలు ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు. మాట్లాడనివాళ్ళు ముందుగా వెతుక్కునేది ఆ మూలలే.

కాబట్టి రెండు వలయాలు చెయ్యండి, లోపల 24, బయట 24. లోపలి వలయానికి 48 అడుగుల చుట్టుకొలత, 15 అడుగుల వ్యాసం చాలు. బయటివాళ్ళు మూడడుగులు వెనక్కి కూర్చుంటే మొత్తం 21 అడుగులు. గది అంత లేకపోతే బయటివాళ్ళను గోడల వెంట జరిపిన డెస్కుల మీదే కూర్చోబెట్టండి. లోపల ఉన్న ప్రతి పిల్లకూ బయట ఒక జంట ఉంటుంది. సగం పీరియడ్ అయ్యాక జంటలు స్థానాలు మార్చుకుంటారు. బయటివాళ్ళ పని వినడం, తన జంట చెప్పిన ఒక్క మాటను నోటు పుస్తకంలో రాయడం. ఆ రాసేపని ఇవ్వకపోతే బయటి వలయం ప్రేక్షకుల గుంపు అయిపోతుంది, గోల అక్కడే మొదలవుతుంది.

నేల మీద గీత తప్పనిసరి. ఒక పిల్ల పురికొస చివరను గది మధ్యలో నొక్కి పట్టుకుంటే, ఏడున్నర అడుగుల దగ్గర చాక్‌పీసు కట్టి ఇంకొకరు చుట్టూ తిరుగుతూ గీస్తారు. ఆ గీత మీద రెండడుగులకొక చుక్క, ఆయిల్ పెయింటుతో. హెచ్ఎం గారి అనుమతి తీసుకుని ఒక్కసారి ఈ పని చేయిస్తే ఏడాదంతా మూడు నిమిషాల్లో సర్దుకుంటారు. గీత లేకపోతే వలయం ప్రతి ఐదు నిమిషాలకూ లోపలికి ముడుచుకుపోతుంది, ఎందుకంటే పిల్లలు వినపడని మాట కోసం ముందుకు జరుగుతారు, జరిగినవాళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళరు.

డ్యూయల్ డెస్కుల్లో బల్ల, సీటు ఒకే ఫ్రేముకు బిగించి ఉంటాయి. పాత బెంచీల మీద లాగా వెనక్కి తిరిగి కూర్చోవడం కుదరదు, మొత్తం జరపాల్సిందే. జరిపేటప్పుడు ఈడ్చనివ్వకండి, డెస్కుకు నలుగురు చొప్పున ఎత్తాలి. పక్క తరగతి ఫిర్యాదుల్లో సగం పిల్లల మాటల మీద కాదు, గచ్చు మీద ఇనుము కీచుమన్న చప్పుడు మీద. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్ పెట్టుకుంటే బెల్లు కొట్టేలోపే డెస్కులు జరిగిపోతాయి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మాత్రం మొదటి పీరియడ్‌కు మార్చండి. పదకొండు దాటాక మన ఎండకు నేల మీద ఎవరూ చర్చ చెయ్యలేరు.

వరండాలో పెట్టవచ్చా అంటే, అక్కరకు పెట్టుకోవచ్చు, అలవాటు చెయ్యకండి. వరండా పొడుగ్గా ఉంటుంది కాబట్టి రెండు వరసలు ఎదురెదురుగా కూర్చున్నట్టు అవుతుంది. ఒకే వరసలో ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరికి కనపడదు. ముఖం కనపడని మనిషి మాటకు పిల్లలు జవాబు ఇవ్వరు, టీచరు వైపు తిరిగి చెబుతారు. వేపచెట్టు కింద అయితే బాగుంటుంది, కానీ రోడ్డు పక్క బడుల్లో ఆటోల మోత ముందు సన్నగొంతులు ఓడిపోతాయి.

మీరు నేల మీదే కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పి ఉంటే చిన్న పీట, కుర్చీ వద్దు. నేల మీద కూర్చోలేని పిల్లలకు రెండు మూడు స్టూళ్ళు ముందే వలయంలో వేసి ఉంచండి, కారణం అడక్కండి. ఆడపిల్లలకు కొన్ని రోజులు అది అవసరమవుతుంది, అడిగితే ఆ రోజు బడే మానేస్తారు. సరిగ్గా వినపడని పిల్ల ఉంటే కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టండి. అప్పుడు ఎదుటివాళ్ళ ముఖాల మీద వెలుతురు పడి పెదవుల కదలిక తెలుస్తుంది.

ఇక బొమ్మ సంగతి. ఎవరి చేతిలో వస్తువు ఉంటే వాళ్ళే మాట్లాడటం ఉత్తర అమెరికా ఆదివాసుల సభల నుంచి బడుల్లోకి వచ్చిన పద్ధతి. మన రచ్చబండ కూడా వలయమే కదా అంటారు కొందరు. కావచ్చు, కానీ అక్కడ పెద్దవాళ్ళు మాట్లాడితే చిన్నవాళ్ళు వింటారు. ఇక్కడ మనకు కావలసింది దానికి సరిగ్గా తలకిందులు. వస్తువుగా విజయవాడ పక్క కొండపల్లి బొమ్మ ఒకటి తీసుకోండి, గుప్పిట్లో పట్టేంతది. తెల్ల పొణికి చెక్క తేలిక, చెయ్యి నొప్పి పుట్టదు. రంగు రాలే వస్తువు కాబట్టి పిల్లలు విసరకుండా చేతికి చెయ్యి తగిలేలా అందిస్తారు, మీకు కావలసిన నెమ్మది దానంతట అదే వస్తుంది. బంతి ఇస్తే విసురుతారు. స్కేలు, బెత్తం లాంటివి అసలు వద్దు, అవి దెబ్బల్ని గుర్తు చేస్తాయి. దేవుడి బొమ్మా వద్దు, ఆ గదిలో అన్ని ఇళ్ళ పిల్లలూ ఉంటారు.

నియమాలు నాలుగు చాలు, బోర్డు మీద ఎప్పుడూ ఉండాలి. బొమ్మ ఉన్నవాళ్ళే మాట్లాడాలి. కూర్చునే మాట్లాడాలి. ఎవరి గురించి చెప్పినా పేరుతో చెప్పాలి, ‘వాడు’, ‘అది’ అని కాదు, మారుపేర్లతో అసలే కాదు. చెప్పడానికి ఏమీ లేకపోతే ‘తర్వాత’ అని బొమ్మను ముందుకు పంపవచ్చు. ఈ నాలుగోదాన్ని జాగ్రత్తగా వాడాలి. ‘తర్వాత’ లేకపోతే వలయం శిక్ష అవుతుంది. ‘తర్వాత’కు హద్దు లేకపోతే నోరు విప్పని పిల్లలు ఏడాదంతా ‘తర్వాత’ అంటూనే ఉంటారు. అందుకని చుట్టు పూర్తయ్యాక బొమ్మ వాళ్ళ దగ్గరకు మళ్ళీ వెళుతుంది. అప్పుడు కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు, ‘నాకు ఫలానా అమ్మాయి చెప్పింది నచ్చింది’ అంటే చాలు. మౌనంగా ఉండే పిల్లలు చాలామంది మొదట దాటే గుమ్మం ఇదే.

45 నిమిషాలను ఇలా పంచుకోండి. సర్దుకోవడానికి, ప్రశ్నకు ఒక్క నిమిషం మౌనంగా జవాబు రాసుకోవడానికి 4 నిమిషాలు. మొదటి జట్టుకు 16, మార్పిడికి 2, రెండో జట్టుకు 16, ముగింపుకు 5. రెండు నిమిషాలు చేతిలో మిగులుతాయి, కరెంటు పోతేనో, ఎవరైనా సర్క్యులర్ తెస్తేనో అవి అక్కరకొస్తాయి. 40 నిమిషాల పీరియడ్ అయితే జట్టుకు 14 చెయ్యండి. ఆ 16 నిమిషాల్లో బొమ్మ ఒక చుట్టు తిరగడానికి ఒక్కొక్కరికి 20 సెకన్ల చొప్పున 8 నిమిషాలు పడుతుంది. మిగతా 8 నిమిషాలు బొమ్మ మధ్యలో ఉంటుంది, జవాబు చెప్పదలచినవాళ్ళు తీసుకుంటారు.

ఆ రెండో 8 నిమిషాల్లోనే మీ ఆరు చేతులూ మళ్ళీ లేస్తాయి. వాళ్ళను ‘నువ్వు ఆగు’ అనకండి. ఒక్కొక్కరికి రెండు చింతగింజలు ఇవ్వండి. మాట్లాడిన ప్రతిసారీ ఒకటి మధ్యలో పళ్ళెంలో వేయాలి. గింజలు అయిపోయినవాళ్ళు వినాలి. గలగలా మాట్లాడే పిల్లాడు రెండో గింజను గుప్పిట్లో బిగించి, ఇది ఇప్పుడు వాడనా, ఇంకా మంచి మాట కోసం దాచుకోనా అని ఆలోచించడం కళ్ళకు కనపడుతుంది. వాడికి అంతవరకూ ఎవరూ నేర్పనిది ఆ ఆగడమే. నాలుగైదు వారాల తర్వాత గింజలు అక్కర్లేదు.

మొదటి మూడు వారాలు పాఠం జోలికి పోకండి. సిలబస్ వెనకబడుతుందని భయం వేస్తుంది, నిజమే, కానీ ఇక్కడ తొందరపడితే మొత్తం పోతుంది. వెనక బెంచీ పిల్ల నోరు విప్పకపోవడాన్ని సిగ్గు అని కొట్టిపారేస్తాం. తప్పు చెబితే ఈ గదిలో ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు, అదే కారణం. నవ్వుతారు, లేదా టీచరు ‘ఇంకెవరు చెబుతారు’ అని వేరేవైపు చూస్తారు. తప్పు చెప్పడానికే వీల్లేని ప్రశ్నల మీద ఆమె గొంతు ఆ గదిలో మూడు నాలుగుసార్లు వినపడాలి. ‘పొద్దున లేవగానే మీ వీధిలో మొదట వినపడే చప్పుడు ఏది?’ ‘ఎండలో ఇంటికెళ్ళగానే మజ్జిగా, నిమ్మకాయ నీళ్ళా, గోలీసోడానా?’ ఇలాంటివి. ‘సెలవుల్లో ఎక్కడికి వెళ్ళారు’, ‘పండక్కి ఏం కొన్నారు’, ‘నాన్న ఏం చేస్తారు’ అని మాత్రం ఎప్పుడూ అడగొద్దు. మిరపకాయల కోతకు అమ్మానాన్నల వెంట వచ్చి జనవరిలో చేరిన పిల్ల ఆ ప్రశ్నకు ఏం చెబుతుంది?

నాలుగో వారం నుంచి పాఠం. ఒకే జవాబు ఉన్న ప్రశ్న వలయానికి పనికిరాదు, రెండు వైపులా నిలబడి వాదించగలిగినది కావాలి. గుంటూరులో ఉన్నాం కాబట్టి: ‘ఎండబెట్టిన మిరపకాయ ఎటూ త్వరగా కుళ్ళదు కదా, మరి కోల్డ్ స్టోరేజీలో ఎందుకు పెడతారు?’ రంగు, ఘాటు తగ్గకుండా, పురుగు పట్టకుండా అనేది సైన్సు జవాబు. ధర పెరిగేదాకా ఆగడానికి అనేది సోషల్ జవాబు. అద్దె కట్టగలిగిన రైతు ఆగగలడు, అప్పు తీర్చాల్సిన రైతు ఆగలేడు అనే మూడో మాట పిల్లల నుంచే వస్తుంది. అది వచ్చేదాకా మీరు చెప్పకండి.

లెక్కల టీచర్లకు వలయమే పాఠం. 48 అడుగుల తాడు పిల్లలకు ఇచ్చి అడగండి: చుట్టుకొలత మారకపోతే లోపలి వైశాల్యం కూడా మారదా? చాలామంది మారదనే అంటారు. ఎందుకలా అనుకుంటున్నారో బొమ్మ తిప్పి చెప్పించండి, ఆ తర్వాతే కొలవండి. 20 అడుగులు, 4 అడుగుల దీర్ఘచతురస్రం చేస్తే 80 చదరపు అడుగులు. 12 అడుగుల చతురస్రం అయితే 144. గుండ్రంగా పరిస్తే 183. తాము వారం వారం కూర్చునే గీత అన్నిటికన్నా పెద్ద జాగా అని తెలిసినప్పుడు తరగతి మొత్తం ఒకేసారి మాట్లాడుతుంది, ఒక నిమిషం మాట్లాడనివ్వండి.

విజయవాడలో సింగ్‌నగర్ వైపు బడుల్లో పనిచేసేవాళ్ళకు ఒక మాట. 2024 సెప్టెంబరు బుడమేరు వరద మంచి చర్చాంశమే, కానీ ‘మీ ఇంట్లో ఏం పోయింది’ అని మొదలుపెట్టకూడదు. మ్యాపు నేల మీద పరిచి, నీళ్ళు ఎటు నుంచి ఎటు వచ్చాయి, ఎక్కడ ఆగాయి, ఎందుకు ఆగాయి అని అడగండి. తమ సంగతి చెప్పుకోవాలనుకున్నవాళ్ళు వాళ్ళే చెబుతారు.

ఇప్పుడు మీ నోటి గురించి. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త 1970లలో తరగతుల రికార్డింగులు పరిశీలించారు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఆగేది ఒక్క సెకను. మూడు సెకన్లు, అంతకంటే ఎక్కువ ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎక్కువమంది పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లు చెప్పినంత సులువు కాదు. ప్రశ్న వేశాక మనసులో ‘ఒకటి... రెండు... మూడు... నాలుగు’ అని నెమ్మదిగా లెక్కపెట్టండి.

జవాబు వచ్చాక కూడా అంతే ఆగండి, ‘గుడ్’, ‘వెరీ గుడ్’ అనకండి. మొదటి పిల్లకు ‘వెరీ గుడ్’, రెండో పిల్లకు ‘గుడ్’, మూడో పిల్లకు ‘ఊఁ’ వస్తే, నాలుగో పిల్ల బొమ్మ అందుకోకుండానే ‘తర్వాత’ అంటుంది. ఇంకొకటి, పిల్లలు మాట్లాడేటప్పుడు అలవాటు కొద్దీ మీ ముఖమే చూస్తారు. మీరు తల దించి నోటు పుస్తకంలోకి చూడండి. నాలుగైదు క్షణాలు తడబడతారు, ఆ తర్వాత కళ్ళు ఎదుటి వరసకు వెళతాయి. చర్చ మొదలైందనడానికి అదే గుర్తు.

భాష దిద్దకండి. ఇంగ్లీషు మీడియం తరగతైనా వలయంలో తెలుగే, అదీ వాళ్ళింటి తెలుగే. ‘ఇంగ్లీషులో చెప్పు’ అన్న రోజు మళ్ళీ ఆరుగురే మిగులుతారు. చర్చ అయ్యాక, బయటి వలయంలో రాసుకున్న ఒక్క వాక్యాన్ని జంటలు కలిసి ఇంగ్లీషులో రాస్తే సరిపోతుంది.

చెడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. అందరూ ‘అదే టీచర్’ అంటుంటే ముందు నిమిషం రాయడం ఎగ్గొట్టారన్నమాట, లేదా బొమ్మ ప్రతిసారీ ఒకే పిల్ల దగ్గర మొదలవుతోంది. ఎవరైనా నవ్వితే ఉపన్యాసం ఇవ్వకండి. బొమ్మను ఆపి, నవ్వు ఆగేదాకా ఆగి, మాట్లాడుతున్న పిల్లతో ‘మళ్ళీ మొదటి నుంచి చెప్పమ్మా, నాకు పూర్తిగా వినపడలేదు’ అనండి. నవ్వినవాడి పేరు ఎత్తకండి, అతనికి చేరాల్సింది చేరుతుంది. మగపిల్లలు ఒక సగం, ఆడపిల్లలు ఒక సగం కూర్చుంటే మొదటి రెండు వారాలు వదిలెయ్యండి. మూడో వారం నుంచి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు చెప్పించి, ఒకట్లన్నీ ఒకచోట, రెండ్లన్నీ ఒకచోట కూర్చోబెడితే ఎవరు ఎవరి పక్కన అన్నది మీరు చేసిన నిర్ణయం అవదు, ఇళ్ళ నుంచి అభ్యంతరాలూ తగ్గుతాయి.

మొదటి రెండు నెలలు వలయాన్ని పంచాయితీకి వాడకండి. పెన్ను ఎవరు తీశారు, గొడవ ఎవరు పెట్టారు అని అక్కడ విచారించారా, పిల్లలకు అది కోర్టే. మార్కులూ వద్దు. మూల్యాంకనం కోసం భాగస్వామ్యం నమోదు చేయాల్సి ఉంటే రాసిన వాక్యాల నుంచి తీసుకోండి, మాట్లాడిన లెక్క నుంచి కాదు.

ఏదో ఒక రోజు ఒక పిల్ల బొమ్మ పట్టుకుని ఇంట్లో దెబ్బల గురించో, అంతకంటే పెద్ద విషయమో చెబుతుంది. వలయం బాగా నడుస్తున్న తరగతిలోనే ఇది జరుగుతుంది కాబట్టి సిద్ధంగా ఉండండి. అక్కడ ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు. ‘చెప్పి మంచి పని చేశావమ్మా, బెల్లు తర్వాత నాతో మాట్లాడు’ అని బొమ్మను ముందుకు పంపండి. తర్వాత విడిగా వినండి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. లైంగిక వేధింపు అనిపిస్తే పోక్సో చట్టం, 2012 ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, బడిలో సర్దుబాటు చేసే విషయం కాదు. పిల్లల సహాయ నంబరు 1098 బోర్డు మూలన ఎప్పుడూ ఉండనివ్వండి.

హెచ్ఎం గారికి చూపించడానికి మాటలకన్నా పటం మేలు. కాగితం మీద వలయం గీసి చుక్కల దగ్గర రోల్ నంబర్లు రాసి, బయటి వలయంలో ఒకరికి ఇవ్వండి. బొమ్మ మధ్యలో ఉండే ఆ 8 నిమిషాల్లో ఎవరి మాట తర్వాత ఎవరు మాట్లాడితే వాళ్ళిద్దరి మధ్య ఒక గీత. మొదటి వారం పటంలో గీతలన్నీ మీ చుక్క దగ్గరకొచ్చి మీ చుక్క నుంచే వెళతాయి, సైకిల్ చక్రం పుల్లల్లాగా. ఎనిమిదో వారానికి అవి అల్లిన వలలాగా అడ్డదిడ్డంగా ఉండాలి. ఒక్క గీత కూడా లేని చుక్కలను ఎర్ర సిరాతో చుట్టి ఉంచుకోండి. ఆ పిల్లలకు తర్వాతి వలయం ఇంకా రెండు రోజులు ఉందనగా పొద్దున ప్రార్థనకు ముందు ఒక ప్రశ్న చెప్పి, ‘ఈ వారం బొమ్మ నీ దగ్గరే మొదలవుతుంది, ఆలోచించుకో’ అనండి. రెండు రోజులు టైము ఇస్తే చాలామంది సిద్ధమై వస్తారు.

వారానికి ఒక్క పీరియడ్ చాలు, అదీ పాఠం అయిపోయాక పునశ్చరణకు పెట్టుకునే పీరియడ్ స్థానంలో. మిగతా రోజుల్లో జంటలుగా రెండు నిమిషాలు మాట్లాడుకుని చెప్పడం సరిపోతుంది. డెస్కులు జరపలేని ఇంటర్ సెక్షన్లకైతే అదొక్కటే దారి. వరసగా రెండు వారాలు సెలవులకో పరీక్షలకో పోతే ఆగినచోటి నుంచి ఎత్తుకోకండి. ఒకసారి గోలీసోడా లాంటి ప్రశ్నతో చుట్టు తిప్పించి, తర్వాత పాఠానికి రండి.

మూడో నెలలో ప్రశ్న తయారుచేయడం జంటలకు అప్పగించండి. వలయం నడపడం వాళ్ళకే ఇచ్చి మీరు బయట కూర్చోండి. మొదటి అవకాశం ఆ ఆరుగురికి కాకుండా ఎర్ర సిరా చుక్కల్లో ఒకరికి ఇవ్వండి. ఆ రోజు పటం మీరే గీయండి.